మగ్గం గుంతలో ఊరిన నీళ్లు

సర్వేయర్ అంటే

నేను సర్వేయర్‌గా పనిచేశానంటే, కడపలో మా వీధివాళ్లు ఇప్పటికీ గొలుసు పట్టుకుని పొలాలు కొలిచినవాడిననే అనుకుంటారు. లైసెన్సు వదిలేసి ఇంటిపట్టున ఉంటున్నా పాసుపుస్తకాలు సంచిలో వేసుకుని వస్తూనే ఉంటారు. గట్టు తగాదా తేల్చమంటారు. నాది ఆ సర్వే కాదు నాయనా, బీమా సర్వే అంటే, "మనిషి పోతే దుడ్లిచ్చేదా సార్?" అని అడుగుతారు. అదీ కాదు.

మనిషి పోతే ఇచ్చే బీమా వేరు. అంగడి కాలినా, గోడౌను మునిగినా, లారీ బోల్తాపడినా ఇచ్చే బీమా వేరు. ఈ రెండోదాంట్లో నష్టం నిజమా, ఎందువల్ల జరిగింది, ఎంతమేరకు జరిగింది అని ఎవరో ఒకరు పోయి కళ్లతో చూసి రిపోర్టు రాయాలి. ఆ పోయేవాడిని నేను. పంపేది బీమా కంపెనీ. ఫీజు ఇచ్చేదీ బీమా కంపెనీయే. రాసేటప్పుడు మాత్రం నువ్వు కంపెనీ మనిషివి కాదు అంటుంది చట్టం. ఈ ఇరకాటంలోనే కర్నూలు, కడప జిల్లాల్లో బస్సులెక్కి దిగుతూ నా ఉద్యోగమంతా గడిచిపోయింది.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు కొందరు నాకు ఫోన్లు చేస్తుంటారు. కొత్త రూల్స్ గురించి నాలుగు మాటలు చెప్పమంటారు. రూల్స్‌కేం, రోజూ వస్తూనే ఉన్నాయి. సంబంధం లేని కాగితాలు అడిగి క్లెయిమ్ ఆపకూడదు. కాదంటే ఏ షరతు కింద కాదంటున్నారో రాసి ఇవ్వాలి. అదీ ఒక కమిటీ చూశాకే కాదనాలి. పాలసీ సారాంశం తేలిక మాటల్లో, అడిగితే మన భాషలో ఇవ్వాలి. చిన్న నష్టాలకైతే సర్వేయర్ కూడా అక్కర్లేదు, ఫోనులో ఫోటోలు చాలు. మరోపక్క బీమా కంపెనీల్లో విదేశీ పెట్టుబడికి గేట్లు పూర్తిగా ఎత్తేశారు. ఇవన్నీ చదివితే బీమా ఉన్నవాడంత అదృష్టవంతుడు దేశంలో లేడనిపిస్తుంది. రక్తపోటు మాత్ర వేసుకున్న తరవాత గానీ పేపరు తెరవొద్దని మా ఆవిడ నాకు ఆంక్ష పెట్టింది.

ఆ రూల్స్ చెడ్డవని నేను అనడం లేదు. చాలామటుకు మంచివే. వాటిని అక్షరం పొల్లు పోకుండా పాటిస్తూనే మనిషిని ఎట్లా ఏడిపించవచ్చో ఈ మధ్యే చూశాను. ఉద్యోగం మానేశాక చూశాను కాబట్టి ఇంకా మంట తగ్గలేదు. అది చెబుతాను. దానికి ముందు నాకు పని నేర్పిన మనిషి గురించి కొంచెం చెప్పాలి.

నారాయణస్వామి గారి దగ్గర

నా గురువు నారాయణస్వామి గారు కర్నూల్లో ఉండేవారు. మనిషి పొట్టి, మాట తక్కువ. ఆయన వెంట నేను మొదట పోయిన పెద్ద కేసు బేతంచెర్లలో. గాలివానకు ఒక బండల పాలిష్ ఫ్యాక్టరీ షెడ్డు రేకులు లేచిపోయి, కోసి పేర్చిన బండల మీద పడ్డాయి. మేం బయలుదేరకముందే కంపెనీ ఆఫీసరు ఆయన్ని పిలిచి, రేకులు తుప్పు పట్టి ఊడిపోయి ఉంటాయి, అరుగుదల కింద రాసేయండి అని చెప్పాడు. అరుగుదలకు బీమా వర్తించదు. నారాయణస్వామి గారు సరేననలేదు, కాదనలేదు. చూసొస్తామన్నారు.

పోయాక ఆ షెడ్డు దగ్గర ఆయన ఎక్కువసేపు ఉండలేదు. ఆ వరసలో ఉన్న ఫ్యాక్టరీలన్నీ తిరిగారు. ఎండ మండిపోతోంది, బండల దుమ్ము నోట్లో పడుతోంది, ఆయన మాత్రం ప్రతి షెడ్డు ముందూ నిలబడి పైకి చూస్తున్నారు. వాటంగా గాలి తగిలిన చోట కొత్త రేకులు కూడా లేచిపోయాయి. గోడ చాటున ఉన్న తుప్పు రేకులు అట్లాగే ఉన్నాయి. ఆయన గాలివాన అని రాశారు. ఆఫీసరుకు కోపం వచ్చింది. ఆ యజమాని కూడా తక్కువవాడు కాదు. ఎప్పుడో పగిలి గడ్డి మొలిచిన బండల కుప్పను కూడా ఈ నష్టంలో కలిపాడు. నారాయణస్వామి గారు దాన్ని కొట్టేశారు. యజమానికీ కోపం వచ్చింది.

తిరిగి రైలు కోసం స్టేషన్లో కూర్చున్నప్పుడు, ఇద్దరికీ కోపం వచ్చిందంటే మనం సరిగ్గా చూసినట్టే కదా సార్ అని తెలివిగా అన్నాను.

"అట్ల అనుకోవద్దప్పా" అన్నారాయన. "ఇద్దరికీ కోపం తెప్పించేది శానా సులభం. మనం చూసింది రాసినామా లేదా, అంతవరకే."

ఆ తరవాత చాలాకాలం ఆ కంపెనీ ఆయన్ని పనికి పిలవలేదు. ఆయన ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. నేనైతే పదిమందికి చెప్పుకునేవాడిని.

ఫోనులో చూసిన ఇల్లు

ఇంతియాజ్ నా దగ్గర పని నేర్చుకున్న చివరి కుర్రాడు. ఇంజనీరింగ్ చదివి, పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకున్నాడు. ఇప్పుడు సొంతంగా చేస్తున్నాడు. ఒకరోజు సాయంత్రం ఇంటికి వచ్చి, కుర్చీలో కూర్చోకుండా గుమ్మంలోనే నిలబడి, ఈ పని మానేద్దామనుకుంటున్నాను సార్ అన్నాడు. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి అడిగితే సంగతి చెప్పాడు.

రాజంపేట దగ్గర ఒక నేత ఊరు. పెంచలయ్య, లక్ష్మీదేవి అనే భార్యాభర్తలు ఇంట్లో రెండు గుంత మగ్గాలు పెట్టుకుని చీరలు నేస్తారు. గుంత మగ్గం చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. నేలలో నడుము లోతు గుంత తవ్వుతారు. నేసేవాళ్లు గట్టు మీద కూర్చుని కాళ్లు గుంతలోకి వదిలి, అడుగున ఉన్న చెక్కలు తొక్కుతారు. పడుగు, అంటే మగ్గానికి నిలువునా బిగించిన నూలు పోగులు, నేలకు జానెడు ఎత్తులో సాగి ఉంటుంది. రాజంపేటలో జిరాక్స్ అంగడి నడుపుకుంటూ బీమా పాలసీలు అమ్మే శ్రీనివాసులు అనే ఏజెంటు, వాళ్ల చేత ఇంటికీ మగ్గాలకూ నూలుకూ కలిపి ఒక పాలసీ చేయించాడు. ఆ వీధిలో పాలసీ ఉన్నది వాళ్లొక్కరికే.

ఆ ఏడాది కార్తీకంలో వాన పట్టుకుని వదల్లేదు. మన వైపు అంత వాన ఎప్పుడోగానీ పడదు. ఎండిపోయిన బోర్లలోకి నీళ్లు వచ్చాయని రైతులు సంబరపడుతుంటే, ఈ నేతగాళ్ల మగ్గం గుంతల్లోనూ నీళ్లు ఊరడం మొదలైంది. వీధిలోకి ఏరు రాలేదు. గడప దాటి చుక్క రాలేదు. భూమిలోంచే పైకి వచ్చి, గుంత నిండి, నేల మీదికి పొర్లింది. గుంత మట్టి గోడలు జారి కూలాయి. పాతిన గుంజలు ఒరిగిపోయాయి. పడుగు తడిసి గంజి కరిగి బూజు పట్టింది. సగం నేసిన చీరలు మట్టి మరకలతో ఎందుకూ పనికిరాకుండా పోయాయి.

కంపెనీ ఇంతియాజ్‌ను సర్వేయర్‌గా వేసింది, కానీ పోవద్దంది. చిన్న నష్టం కాబట్టి వీడియోలో చూస్తే చాలంది. ఇప్పుడు క్లెయిములన్నీ తేల్చేది బ్రాంచి ఆఫీసు కాదు, ఎక్కడో పెద్ద ఊళ్లో ఉండే కేంద్రం. దాన్ని హబ్ అంటారు. ఆ హబ్‌లో ఒక మేడం, ఇక్కడ ఇంతియాజ్, అక్కడ ఇంట్లో, నర్సింగు చదువుతూ సెలవులకు వచ్చిన కూతురి ఫోను పట్టుకున్న లక్ష్మీదేవి, ముగ్గురూ వీడియోలో కలిశారు. లక్ష్మీదేవి గుంతను చూపించింది. ఇంట్లో వెలుతురు లేదు, తెర మీద నల్లగా తప్ప ఏమీ కనపడలేదు. మేడం మర్యాదగానే మాట్లాడింది. వరద నీళ్లు ఏ ఏటి నుంచి వచ్చాయో ఆ ఏటిని చూపించమంది. ఏరు ఇంట్లోకి రాలేదమ్మా అంది లక్ష్మీదేవి. మేడం ఆ మాట రాసుకుంది.

ఇంతియాజ్‌కు మనసొప్పక మర్నాడు సొంత ఖర్చుతో బండేసుకుని పోయాడు. అన్నీ చూసి, వానల వల్ల గుంతలు మునిగి నష్టం జరిగిందని రిపోర్టు పంపాడు. నీళ్లు ఎటునుంచి వచ్చాయో స్పష్టం చేయండని హబ్ మళ్లీ అడిగింది. భూమిలోంచి అని నిజమే రాశాడు. వాళ్లకు కావలసింది ఆ ఒక్క మాట. పాలసీ వరదకు, ముంపుకు వర్తిస్తుంది, ఇది భూగర్భజలం ఊట కాబట్టి వర్తించదు అని తిరస్కరించారు. అంతటితో ఆగలేదు. తమ తిరస్కరణకు దన్నుగా, నష్టం కేవలం ఊట వల్లే జరిగిందని ఇంకో రిపోర్టు రాసి ఇమ్మంటున్నారట.

"నేను నిజమే రాస్తిని గదా సార్. నిజం రాసినందుకే ఆమెకు నష్టం జరిగె. ఇంకెట్ల రాయాల?" అన్నాడు.

రేపు పోయి చూసొస్తాను అన్నాను.

గుంతలో దిగి

నేను ఏ హోదాలో పోయానని మీరు అడగవచ్చు. ఏ హోదా లేదు. తెలిసినవాడిగా పోయాను. బస్సు దిగి, ఆటో ఎక్కి, వాళ్ల ఇల్లు కనుక్కునేసరికి ఎండ ఎక్కింది. వీధిలో మగ్గం చప్పుడే లేదు. నేత ఊళ్లో పగటిపూట మగ్గం వినపడకపోవడం నాకు అదే మొదటిసారి. అడిగితే, కొందరు గుంతలు పూడ్చేసి తిరుపతిలో కట్టడాల పనికి పోయారని చెప్పారు.

పెంచలయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. సన్నటి మనిషి, యాభై దాటి ఉంటాయి. నేను కంపెనీ మనిషిననుకుని లేచి లోపలికి పోయాడు. లక్ష్మీదేవే బయటికి వచ్చి, ఎవరు సార్ మీరు అని అడిగింది. ఇంతియాజ్‌కు పని నేర్పినవాణ్ని అని చెప్పాను. ఆ పిల్లోడు మంచోడు సార్, మా ఇంట్లో మజ్జిగ కూడా తాగలేదు, తప్పనుకుంటారని అంది. అది నేను నేర్పిందే. సర్వేకు పోయిన ఇంట్లో ఏమీ తాగవద్దని. తాగాల్సింది అనిపించింది ఆ క్షణం.

చెప్పులు విప్పి, పంచె ఎగగట్టి గుంతలోకి దిగాను. నీళ్లు దిగిపోయాయి గానీ అడుగు మట్టి ఇంకా మెత్తగా ఉంది, మడమ దాకా కూరుకుపోయింది. గోడ మీద నీళ్లు నిలిచిన గుర్తు గుంత చుట్టూ ఒకే ఎత్తులో ఉంది. పైనుంచి వచ్చి ఉంటే గడప వైపు కోత పడేది. ఇంతియాజ్ రాసింది నూటికి నూరుపాళ్లు సరిగ్గా ఉంది. నష్టం కూడా అంతే నిజం.

అప్పటికి పెంచలయ్య వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. వాళ్లు ఏమడిగారని అతన్నే అడిగాను.

"ఏటిని చూపియ్యమన్నారు సార్" అన్నాడు. "ఏరు ఈడ్నించి శానా దూరం ఉండాది. వచ్చిందని చెప్తే దుడ్లు వస్తాయని మా వీధోళ్లు చెప్పినారు. ఈమె చెప్పననింది. నేనూ చెప్పమనలే. ఇప్పుడేమో మేమేదో దొంగ లెక్క చెప్పినట్ల చూస్తాండారు అందరూ."

అతని గొంతులో కోపం లేదు. అవమానం ఉంది. పాతికేళ్లకు పైగా రోజూ కూర్చున్న మగ్గం ఒరిగిపోయి ఉంటే, దాని ముందు ఊరికే నిలబడటం అతనికి చేతకావడం లేదు. మాట్లాడుతూనే తెగిన పోగులు చేత్తో సవరిస్తున్నాడు, అవి ఇక దేనికీ పనికిరావని తెలిసి కూడా. కూతుర్ని నర్సింగు మాన్పించి ఇంటికి తెచ్చుకోవాలా, తనూ తిరుపతి పోవాలా అని వాళ్ల మధ్య అప్పటికే మాటలు నడుస్తున్నాయని లక్ష్మీదేవి తరవాత చెప్పింది.

ఈ పనిలోకి వచ్చే పిల్లలు ఇక్కడ ఒక్క మాట గట్టిగా వినాలి. వీడియో సర్వేకు నేను వ్యతిరేకిని కాను. కారు బంపరు సొట్ట పడితే ఫోనులో చూడండి, ఎవరు వద్దన్నారు? కానీ మునిగిన ఇంటి వాసన ఫోనులో రాదు. కాలికింద మట్టి ఎంత మెత్తగా ఉందో ఫోనులో తెలియదు. సర్వేయర్లను తగ్గించి జనానికి మేలు చేశామని గొప్పలు చెప్పేవాళ్లు ఆ గుంతలోకి ఒకసారి దిగి చూడాలి.

మేనేజరు గారి గది

కడపలో ఆ కంపెనీ బ్రాంచి మేనేజరు నాకు తెలిసినవాడే. చెడ్డవాడు కాదు. టీ తెప్పించాడు. పాలసీ అమ్మడం వరకే మా పని సార్, క్లెయిములు హబ్‌లో చూస్తారు అన్నాడు. నీ చేత్తో సంతకం పెట్టిన పాలసీకి నువ్వు జవాబుదారీ కాదా అంటే, వ్యవస్థ అట్లా మారింది సార్ అన్నాడు. నా కాలంలో ఇదే గదిలో ఒక మేనేజరు నాతో కేకలు వేసి పోట్లాడి, మర్నాడు నా వెంట జీపెక్కి వచ్చి చూసి, నువ్వన్నది నిజమే అని సంతకం పెట్టాడు. పోట్లాడటానికి కనీసం ఒక మనిషి ఎదురుగా ఉండేవాడు. ఇప్పుడు పోట్లాడదామంటే ఎదురుగా మొహమే లేదు.

కమిటీ చూడకుండా తిరస్కరించకూడదని కొత్త రూలు ఉంది కదా అన్నాను. చూసింది సార్ అన్నాడు. నిజంగానే చూసింది. తిరస్కరణ ఉత్తరంలో షరతు నంబరు ఉంది, కమిటీ మాట ఉంది, ఫిర్యాదు ఎక్కడ చేసుకోవాలో కూడా ఉంది. రూల్ ప్రకారం వంక పెట్టడానికి వీల్లేదు. అంత నికార్సైన ఉత్తరం నా కాలంలో నేను చూడలేదు. ఆ కమిటీలో ఒక్కరైనా గుంత మగ్గం అంటే ఏమిటని అడిగారా అంటే, మేనేజరు టీ కప్పు వైపు చూశాడు.

బయటికి వచ్చాక ఇంతియాజ్‌కు ఫోన్ చేశాను. ఇంకో రిపోర్టు అడిగారు కదా, ఇవ్వు అన్నాను. కానీ వాళ్లడిగింది కాదు, నువ్వు చూసింది. నీళ్లు భూమిలోంచి వచ్చాయి, వానలు పడకపోతే ఆ నీళ్లు లేవు, రెండూ రాయి అన్నాను. రాశాడు. ఆ నెల నుంచి ఆ కంపెనీ అతనికి పని ఇవ్వడం మానేసింది. వాళ్ల నాన్న నాకు ఫోన్ చేసి, పిల్లోడికి మీరు చెప్పింది బాగానే ఉండాది, ఇంటి బాడుగ ఎవరు కడతారు సార్ అన్నాడు. ఆయన అడిగింది సబబే. ఇంకో కంపెనీకి ఇంతియాజ్ పేరు చెప్పి, వాళ్ల చుట్టూ తిరిగి, లారీల కేసులు ఇప్పించాను. ఈ వృత్తిలో నిజాయితీ ఉంటే గౌరవం దక్కుతుందని సభల్లో చెప్పేవాళ్లను నమ్మకండి. దక్కితే దక్కుతుంది. ముందు మాత్రం పని పోతుంది.

విచారణ

బీమా ఫిర్యాదులు వినడానికి అంబుడ్స్‌మన్ అనే అధికారి ఉంటారు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. కంపెనీ కాదంటే అంతటితో అయిపోయిందనుకుని జనం ఇంటికి పోతారు. ఈ సంగతి వాళ్లకు చెప్పేవాడుండడు. ఫిర్యాదు లక్ష్మీదేవి పేరున, ఆమె మాటల్లోనే రాయించాను. పాలసీ ఆమె పేరునే ఉంది.

విచారణ కూడా ఫోనులోనే పెట్టారు. నేను మళ్లీ పోయి వాళ్లింట్లో పక్కన కూర్చున్నాను. అధికారి పెద్దాయన, తెలుగు బాగా మాట్లాడారు. కంపెనీ తరఫున వచ్చిన యువకుడు, వరద అంటే ఏరో చెరువో గట్టు దాటి రావడం, ఇక్కడ అదేమీ జరగలేదు, వాళ్లే ఒప్పుకున్నారు అని చెప్పాడు. అధికారి లక్ష్మీదేవిని ఏం జరిగిందో చెప్పమన్నారు. ఆమె నావైపు చూసింది. నేను మాట్లాడకూడదు. ఆమె ఫోను రెండు చేతులతో పట్టుకుంది.

"పొద్దున్నే దీపం పెడదామని లేస్తే గుంతలో నీళ్లు కనపడినాయి సార్. బిందెతో తోడినాము. తోడేకొద్దీ ఊరతానే ఉండాది. మా పాప, ఈయన, నేను మార్చి మార్చి తోడినాము. మాపటికి చేతులు రాలే. చీర కోసుకుందామంటే సగమే అయింది, కోస్తే ఎవరు కొంటారు? ఇంకో పూట నిలబడితే నీళ్లు తగ్గుతాయేమో అనుకున్యాము. తగ్గలే. మేము మగ్గం పక్కనే కూచోని చూస్తాంటిమి, అది మునిగిపాయ."

పెంచలయ్య గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

అధికారి కంపెనీ యువకుడిని అడిగారు, వానలు పడకుండా ఉంటే గుంతలో నీళ్లు వచ్చేవా అని. రావు సార్, అయినా కిందినుంచే కదా అన్నాడతను. పాలసీలో వరద అని ఒక మాట, ముంపు అని ఇంకో మాట ఉన్నాయి, రెండింటికీ అర్థం ఏరు పొంగడమే అయితే రెండు మాటలు ఎందుకు రాశారని ఆయన అడిగారు. అతను కాగితాలు తిరగేశాడు. పాపం, అతనికి మాత్రం ఏం తెలుసు? ఆ మాటలు రాసినవాడు అతను కాదు, ఆ గుంత చూసినవాడూ అతను కాదు.

కొన్ని వారాలకు తీర్పు వచ్చింది. ఇది ముంపే, కంపెనీ ఇవ్వాల్సిందే అని. కంపెనీ అప్పీలు అనకుండా ఇచ్చింది. లక్ష్మీదేవి నాకు ఫోన్ చేసి చాలాసేపు ఏదేదో చెప్పింది, నాకు సగం వినపడలేదు. వెనక ఎవరో గుంజ పాతుతున్న చప్పుడు మాత్రం వినపడింది. గుంతకు ఈసారి చుట్టూ బండలు నిలబెట్టి సిమెంటు పూయించారు. కూతురు నర్సింగు మానలేదు. పెంచలయ్య తిరుపతి పోలేదు.

ఇక్కడితో ఆపితే ఇది మంచి కథ అయ్యేది. నేనూ ఆపేవాడినే.

కొత్త షరతు

పాలసీ గడువు తీరే వేళకు లక్ష్మీదేవి మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి తెలుగులో కాగితం ఇచ్చినారు సార్, ఒకసారి వచ్చి చూస్తారా అంది. పోయాను. ఇంటి అరుగు మీద శ్రీనివాసులు కూర్చుని ఉన్నాడు. అతని చుట్టూ వీధిలో సగం మంది ఆధార్ కార్డులు పట్టుకుని నిలబడ్డారు. లక్ష్మీదేవికి బీమా వచ్చిందని తెలిసి అందరూ పాలసీ చేయించుకోవడానికి వచ్చారు. గుంతలు పూడ్చినవాళ్లలో కూడా ఇద్దరు తిరుపతి నుంచి తిరిగొచ్చి మళ్లీ తవ్వుకుంటున్నారు. శ్రీనివాసులు మొహం వెలిగిపోతోంది.

లోపల మగ్గం ఆడుతోంది. లక్ష్మీదేవి కాగితం నా చేతికిచ్చి ఒక వాక్యం మీద వేలు పెట్టింది. నేలలోంచి ఊరే నీటి వల్ల గాని, నేలమట్టానికి దిగువన ఉన్న గుంతలలో నీరు చేరుట వల్ల గాని కలిగే నష్టమునకు ఈ పాలసీ వర్తించదు అని ఉంది. నిరుడు లేని వాక్యం.

ఒకప్పుడు పాలసీలో ఒక ముక్క మార్చాలంటే బీమా నియంత్రణ సంస్థ అనుమతి ముందుగా కావాలి. ఇప్పుడు చాలా పాలసీలకు ఆ ఇబ్బంది తీసేశారు. ముందు అమ్ముకోవచ్చు, తరవాత తెలియజేయవచ్చు. కంపెనీలు కొత్త కొత్త పాలసీలు తొందరగా తేవాలని ఆ వెసులుబాటు ఇచ్చారు. వచ్చిన కొత్తదనం ఇది. ఓడిపోయిన కంపెనీ ఓటమి నుంచి పాఠం నేర్చుకుని, ఇంకోసారి ఓడిపోకుండా ఒక వాక్యం కలుపుకుంది. దాన్ని రూల్ ప్రకారం తేలిక తెలుగులో అచ్చు వేయించి ఇచ్చింది కూడా.

"నిప్పుకుండాది, గాలివానకుండాది, దొంగతనానికుండాది" అంది లక్ష్మీదేవి. "మాకు వచ్చిన దానికి మటుకు ల్యా. మీరు చెప్పండి సార్, కట్టమంటారా?"

కట్టమన్నాను. నూలు ఉన్న ఇంట్లో నిప్పు భయం చిన్నది కాదు, గాలివానకు రేకులు లేవవచ్చు, అందుకైనా కట్టమన్నాను. ఆమె తలూపింది. తరవాత బయట ఉన్నవాళ్ల సంగతి ఏంది సార్ అంది. వాళ్లకు తెలుసా?

శ్రీనివాసులును అడిగాను. కాగితం అందరికీ ఇస్తాండా సార్, చదువుకోవచ్చు గదా అన్నాడు. ఆ మాట కూడా రూల్ ప్రకారం సరైనదే. నేను అరుగు మీద నిలబడి, గుంతలో నీళ్లు ఊరితే ఈ పాలసీ రూపాయి కూడా ఇవ్వదని అందరికీ చెప్పాను. ఎవరూ నమ్మలేదు. ఈమెకు ఇచ్చినారు గదా సార్, మాకెందుకు ఇయ్యరు అని ఒకతను అడిగాడు. మీకేం పోతాది సార్ మాకొస్తే, అని ఇంకొకామె మొహం మీదే అంది. ఇన్నేళ్లు కంపెనీల తరఫున పోయి జనం చేత తిట్లు తిన్నాను. జనం తరఫున పోయినా అదే దక్కింది.

అప్పుడు లక్ష్మీదేవి బయటికి వచ్చింది. కాగితం పట్టుకుని ఆ వాక్యాన్ని గట్టిగా చదివింది. మళ్లీ చదివింది. "నాకిచ్చింది నిరుటి పాలసీ మీద. ఇప్పుడు మార్చినారు. నాకు కూడా ఇంక ఇయ్యరు. నిప్పుకని కట్టండి, నీళ్లకని కట్టొద్దండి" అంది. వీధి కాసేపు గుసగుసలాడింది. కొందరు కార్డులు జేబుల్లో పెట్టుకుని వెళ్లిపోయారు. కొందరు నిప్పుకైనా ఉండనీలే అని వరసలో నిలబడ్డారు. ఆధార్ కార్డుతో నిలబడ్డ ఒక ముసలాయన మాత్రం ఎటూ తేల్చుకోలేక అక్కడే కూర్చుండిపోయాడు.

సగం బేరం పోయిన శ్రీనివాసులు నాకేసి చూసి, "మీరు రిటైర్ అయినారు గదా సార్, ఇంకా మీకెందుకు ఇవన్నీ?" అన్నాడు.

రాజంపేటకు ఆటో మధ్యాహ్నం దాకా లేదంట కదప్పా అన్నాను. అని ఆ ముసలాయన పక్కన కూర్చుని, ఆయన ఇంట్లో మగ్గం ఏ వైపు ఉందో, గుంత ఎంత లోతో అడగడం మొదలుపెట్టాను.